శుక్రవారం సాయంత్రం బైబిల్ క్లాసు: నాలుగు స్టార్లు, ఒకటి కోత

సికింద్రాబాద్‌లో ఒక చిన్న సహవాసం వాళ్ళు శుక్రవారం సాయంత్రాలు నడిపే బైబిల్ కోర్సు గురించి ఇది. పేరు రాయొద్దని పాఠం చెప్పే సారే అడిగారు. "పేరు పెడితే సగం మంది పొగడ్డానికి, సగం మంది కొట్లాడ్డానికి వస్తారు" అన్నారు. సరే, పేరు లేకుండానే రాస్తున్నా. అంశం మాత్రం దాచను. ఈ ఒక్క ప్రశ్న మీదే దాదాపు రెండు నెలలు కూర్చోబెట్టే క్లాసు ఈ ఊళ్ళో నాకు ఇంకోటి కనపడలేదు. రక్షణ పొంది, బాప్తిస్మం తీసుకుని, కొన్నాళ్ళు బాగానే నడిచి, ఆ తర్వాత చల్లారిపోయి, అలాగే కన్నుమూసిన విశ్వాసి గతేంటి? అదీ ప్రశ్న.

ముందే చెప్పేస్తా. వెళ్ళొచ్చు. అయిదు వందల ఫీజుకు తగ్గ సరుకుంది. ఒక స్టారు ఎందుకు కోశానో కిందికొచ్చాక చెప్తా.

నాది చిక్కడపల్లిలో డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. వాటితోపాటు ఆదరణ కూడిక కార్డులు. చనిపోయినవాళ్ళ ఫోటో, పుట్టిన తేదీ, ప్రభువు పిలిచిన తేదీ, కింద ఒక వాక్యం. వాక్యం ఏది పెట్టమంటారని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని." రెండో తిమోతి నాలుగో అధ్యాయం. అది పౌలు జైల్లో కూర్చుని, చావు ముంగిట తన గురించి తాను చెప్పుకున్న మాట. గుడి గడప తొక్కి ఏళ్ళయినవాడికీ, పెళ్ళాం పిల్లల్ని ఏడిపించుకు తిన్నవాడికీ మా షాపులో అదే వాక్యం పడుతుంది. పడాల్సిందే. శవం లేచిన మూడోరోజు వచ్చిన కొడుకుతో వాదన పెట్టుకునే రకాన్ని కాను నేను. కానీ ప్రూఫు చూసుకుంటున్నప్పుడు మనసులో ఒకటే మెదిలేది. నేను కొట్టిన కార్డుల ప్రకారమైతే హైదరాబాద్‌లో ఒక్క క్రైస్తవుడూ నష్టపోలేదు. బైబిల్ అలా అంటోందా?

మా చర్చి అయ్యగారిని అడిగితే "దేవుని కృప గొప్పది తమ్ముడూ" అని భుజం తట్టారు. మా పక్క షాపులో టైలరింగ్ చేసే పెంతెకొస్తు అక్కని అడిగితే "నరకమే అన్నా, డౌటే లేదు" అని కుట్టు ఆపకుండానే తేల్చేసింది. ఈ రెంటి మధ్య ఇంకేమైనా ఉందా అని చేరాను.

చోటు సంగతి. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే గ్రీన్ లైన్ మీద నేరుగా సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి నడకే. బండి మీద పోవద్దు. పార్కింగ్ లేదు, ఆ సందులో ఆ టైముకి ఆటోలు, తోపుడు బళ్ళు, పానీపూరీ జనం. హాలు మొదటి అంతస్తులో, కింద సూట్‌కేసులు, బ్యాగులు బాగుచేసే షాపు. లిఫ్టు లేదు, మెట్లు నిటారు. కుర్చీలు ప్లాస్టిక్‌వి, గంటన్నరకి నడుం పట్టేస్తుంది. ఏడింటికని రాస్తారు, ఏడుంపావుకి మొదలవుతుంది. మధ్యలో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. చాయ్ బాగుంటుంది. బాత్రూం గురించి రాయకపోవడమే మర్యాద.

పాఠం చెప్పే సార్ ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారట. ఆ వాసన పోలేదు. ఎవరేమన్నా "ఆధారం?" అంటారు. "మా అయ్యగారు చెప్పారు" అంటే ఒప్పుకోరు, "యూట్యూబ్‌లో విన్నా" అంటే అసలు ఒప్పుకోరు. ఒక పాట, ఒక ప్రార్థన, ఆ వెంటనే పాఠం. గంటసేపు కీబోర్డు మోగించి చివరి పది నిమిషాల్లో వాక్యం చెప్పే కూడికలకి అలవాటుపడ్డ నాకు ఇదొక్కటే సగం ఫీజు రాబట్టేసింది.

మొదటి క్లాసులోనే మత్తయి 25 తెరిపించారు. తలాంతుల ఉపమానం, అంటే యజమాని దాసులకి తలాంతుల లెక్కన తన సొమ్ము అప్పగించి వెళ్ళిన కథ. అయిదు తీసుకున్నవాడు, రెండు తీసుకున్నవాడు, ఒకటి తీసుకుని భూమిలో పాతిపెట్టినవాడు. మూడోవాణ్ణి వెలుపటి చీకటిలోకి తోసేయమంటాడు యజమాని. సార్ అడిగింది ఒకటే. "ఈ మూడోవాడు ఇంటివాడా, బయటివాడా?" హాలు రెండుగా చీలింది. పనికిమాలిన దాసుడంటేనే వాడు అసలు విశ్వాసి కాదని ఒక వర్గం. యజమాని తన సొంత దాసుల్నే పిలిచి తన సొమ్ము ఇచ్చాడుగా, బయటివాడికి తలాంతు ఎందుకిస్తాడని ఇంకో వర్గం. సార్ ఎటూ చెప్పకుండా బోర్డు మీద ఇంకో రెండు చోట్లు రాశారు: మత్తయి 8:12, 22:13. వెలుపటి చీకటి అనే మాట వచ్చే మిగతా రెండు చోట్లూ అవే. మొదటిదాంట్లో బయటికి పోయేది రాజ్య సంబంధులు. రెండోదాంట్లో పోయేది పెళ్ళి బట్టలు లేకుండా విందులోకి వచ్చి కూర్చున్నవాడు. "ఇంటికి తీసుకుపోయి ఆలోచించండి" అని వదిలేశారు. ఆ రాత్రి మెట్రోలో మాతోపాటు వచ్చిన ఒక కుర్రాడు తార్నాక పోవాల్సినవాడు, మాట మధ్యలో ఆపలేక మా లైన్ ఎక్కేశాడు.

తర్వాతి వారాల్లో భయపెట్టే వాక్యాలన్నీ వరసగా వచ్చాయి. ఇది నాకు నచ్చిన పని, ఎందుకంటే మామూలుగా ఆదివారం ప్రసంగాల్లో ఇవి పక్కకి జారిపోతాయి. హెబ్రీ 6, హెబ్రీ 10. "జీవముగల దేవుని చేతిలో పడుట భయంకరము." లూకా 12లో యజమాని చిత్తం తెలిసి చేయనివాడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేయనివాడికి తక్కువ దెబ్బలు. యోహాను 15లో ఎండిపోయి మంటల్లో పడే తీగె. లవొదికయ సంఘాన్ని నులివెచ్చగా ఉన్నందుకు నోటినుంచి ఉమ్మేస్తానన్న ప్రభువు మాట. ఆ వెంటనే వాటికి ఎదురు నిలిచేవి: నా గొర్రెల్ని నా చేతిలోంచి ఎవరూ లాక్కోలేరనే యోహాను 10, ఏదీ మనల్ని దేవుని ప్రేమనుంచి ఎడబాపలేదనే రోమా 8. ఈ రెండు గుంపుల్నీ ఒకేసారి టేబుల్ మీద పెట్టడం ధైర్యమే. ఒక గుంపునే చూపించి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక.

చరిత్ర క్లాసు మొత్తం కోర్సులో అన్నిటికన్నా బాగుంది. క్రీస్తు శకం 250లో రోమా చక్రవర్తి డెసియస్ అందరూ దేవతలకి బలి అర్పించి, అర్పించినట్టు రుజువు పత్రం తీసుకోవాలని ఆజ్ఞ వేశాడు. కొందరు క్రైస్తవులు అర్పించారు. కొందరు అర్పించకుండానే లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు. సార్ ఈ మాట అనగానే హాలంతా నవ్వు. సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళమేగా అందరం. ఆ తర్వాతి ఏడు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో బిషప్ సిప్రియన్, తోటి బిషప్పులు కూర్చుని ఆలోచించారు. పడిపోయినవాళ్ళని పశ్చాత్తాపం చూసి, కొంత కాలం గడిచాక తిరిగి చేర్చుకోవచ్చన్నారు. రోములో నొవేషియన్ అనే సంఘ పెద్ద ఒప్పుకోలేదు, వేరు కుంపటి పెట్టుకున్నాడు. బాప్తిస్మం తర్వాత చేసిన పాపానికి మందు లేదేమోనన్న భయం ఆ కాలంలో ఎంత గట్టిదంటే, బాప్తిస్మాన్నే ముసలితనానికి వాయిదా వేసుకున్నవాళ్ళున్నారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో చావు మంచం మీద తీసుకున్నాడు. మా చిన్నమామ ఒకాయన "రిటైరయ్యాక తీసుకుంటా, అప్పుడైతే తప్పు చేసే ఓపిక ఉండదు" అంటుంటాడు. ఆయనకి తెలియకుండానే ఆయన చక్రవర్తుల బాటలో ఉన్నాడన్నమాట.

ఆ తర్వాత ఏ క్రైస్తవ శాఖ ఇంట్లో ఏం చెప్తారో విడివిడిగా చెప్పారు. నెదర్లాండ్స్‌లో 1618, 1619ల్లో జరిగిన, కాల్విన్ బాట సంఘాల డోర్ట్ మహాసభ తీర్పు: దేవుడు నిజంగా ఎన్నుకున్నవాడు ఘోరంగా పడినా పూర్తిగా, శాశ్వతంగా పడిపోడు. చివరిదాకా నిలవనివాడు మొదట్నుంచీ మనవాడు కాదు. 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన 17వ అధ్యాయంలోనూ ఇదే బాట, కాకపోతే అలాంటివాడు దేవుని అసంతోషాన్నీ ఈ లోకపు శిక్షల్నీ తెచ్చుకుంటాడని కూడా ఉంది. దీనికి ముందు 1610లో ఆర్మీనియస్ అనే డచ్ పండితుడి శిష్యులు అయిదు అంశాలు రాసిచ్చారు. అయిదోదాంట్లో విశ్వాసి పడిపోగలడా లేదా అన్నది లేఖనాల్లోంచి ఇంకా పరిశీలించాలని వదిలేశారు. ఇంత పెద్ద గొడవ మధ్యలో "ఇంకా చూడాలి" అని కాగితం మీద పెట్టినవాళ్ళంటే నాకు గౌరవం పుట్టింది. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ మాత్రం 1751లో తేల్చే రాశాడు, నిజమైన విశ్వాసి కూడా పడిపోయి నశించగలడని.

ఇక్కడ నాకొక విషయం వెలిగింది. మా అమ్మవాళ్ళది మెదక్ వైపు. ఆ చుట్టుపక్కల సంఘాలు వెస్లియన్ మెథడిస్టు మిషన్ వేసిన మొక్కలు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కట్టించిన పాస్నెట్ దొర కూడా ఆ మిషన్‌వాడే. అంటే మా తాతమ్మకి పాఠం చెప్పినవాళ్ళు, రక్షణ పోగొట్టుకోవచ్చు జాగ్రత్త అనే వెస్లీ మనుషులు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో మా సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, ఏర్పడినప్పుడు ఆ మెథడిస్టులూ, ఆంగ్లికన్లూ, డోర్ట్ బాటలో పెరిగిన ప్రెస్బిటేరియన్లూ ఒకే కప్పు కిందికి వచ్చారు. మా అయ్యగారు కర్ర విరక్కుండా పాము చావకుండా మాట్లాడతారని ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. రెండు పుట్టిళ్ళ సంఘానికి కాపరి మరి, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

క్లాసులో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ లూథరన్ ఒకాయన ఉన్నారు, రైల్వేలో చేసేవారు. ఆయన వాళ్ళ 1530 ఆగ్స్‌బర్గ్ ప్రకటన తెచ్చి 12వ అధికరణం చదివి వినిపించారు. ఒకసారి నీతిమంతుడైనవాడు పరిశుద్ధాత్మను పోగొట్టుకోడనేవాళ్ళనీ ఖండిస్తారు, పడినవాడికి క్షమాపణ లేదనే నొవేషియన్ వర్గాన్నీ ఖండిస్తారు. పోగొట్టుకోవచ్చు, మళ్ళీ దొరకనూ వచ్చు. "మాది రెండు తలుపులూ తెరిచిన ఇల్లు సార్" అన్నాడాయన కాస్త గర్వంగా.

ఇక మొదటి కొరింథీ 3. కట్టడం పాఠం. పునాది క్రీస్తే. దాని మీద ఒకడు బంగారం, వెండి, వెలగల రాళ్ళతో కడతాడు, ఇంకొకడు కర్ర, గడ్డి, కొయ్యకాలుతో. అగ్ని వచ్చి పరీక్షిస్తుంది. పని కాలిపోయినవాడికి నష్టం, "అతడు తనమట్టుకు రక్షింపబడును గాని అగ్నిలో నుండి తప్పించుకొన్నట్టు." ఈ ఒక్క వాక్యం మీద క్లాసు రెండు వారాలు నడిచింది, నడవాలి కూడా. ఇవాళ హైదరాబాద్‌లో ఒకసారి రక్షణ పొందితే పోదు అని బోధించేవాళ్ళు చాలామంది నిలబడేది దీని మీదే. క్రీస్తు న్యాయపీఠం ముందు విశ్వాసికి తీర్పు జరుగుతుంది, అక్కడ పోయేది బహుమానం, ప్రాణం కాదు అంటారు. రోమన్ క్యాథలిక్కులు ఉత్తరించు స్థలం, అంటే చనిపోయాక ఆత్మ శుద్ధి పొందే చోటు, గురించి చెప్పేటప్పుడు చూపేదీ ఇదే వాక్యం. ఆ బోధని ఖాయం చేసిన క్యాథలిక్ కౌన్సిళ్ళ వరసని సార్ బోర్డెక్కించారు: 1274లో లియాన్, 1439లో ఫ్లోరెన్స్, 1563లో ట్రెంట్. కింద, అది చనిపోయాక దొరికే రెండో ఛాన్సు అని రాశారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక క్యాథలిక్ టీచరమ్మ లేచింది. అప్పటిదాకా నోరు మెదపని మనిషి. "సార్, మీరు రాసినట్టు కాదండీ, అది రెండో ఛాన్సు కాదు. దైవకృపలో చనిపోయినవాళ్ళకే. వాళ్ళు పరలోకానికి చేరేది ఖాయం, శుద్ధి కావాలంతే. చావైన పాపంలో, అంటే ఘోరమైన పాపంలో, పశ్చాత్తాపం లేకుండా పోయినవాళ్ళు అక్కడికి పోరు" అంది. సార్ బోర్డు మీద రాసిన వాక్యాన్ని తుడిచి ఆమె చెప్పినట్టు రాశారు. రిటైరైన లెక్చరర్ అందరి ముందూ బోర్డు తుడవడం నేను మొదటిసారి చూశాను. నవంబర్ 2న నారాయణగూడ సమాధుల దగ్గర కొవ్వొత్తుల మధ్య నిలబడే జనంలో ఎంతమందికి ఈ తేడా తెలుసో నాకనుమానమే. మా ప్రొటెస్టెంటు వైపు నుంచి పువ్వులు పట్టుకుపోయేవాళ్ళం చాలామందిమి. పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయం అంటాం, అక్కడ నిలబడి పెదాలు మాత్రం కదుపుతాం.

సార్ మొగ్గు ఎటో సగం కోర్సు అయ్యేసరికి తెలిసిపోయింది. ఆయనకి ఇష్టమైన బోధ ఇంగ్లండులోని నార్విచ్ పట్నంలో ఒక చాపెల్‌కి కాపరిగా ఉన్న రాబర్ట్ గోవెట్‌ది. 1813లో పుట్టి 1901లో పోయాడు. ఆయన తర్వాత అదే చాపెల్‌లో డి.ఎమ్. పాంటన్, ఆ తరవాత దక్షిణ భారతదేశం చూసివెళ్ళిన జి.హెచ్. లాంగ్, చైనాలో వాచ్‌మన్ నీ, కొద్ది కొద్ది తేడాలతో అదే దారి. వాళ్ళ వాదన ఇది. నిత్యజీవం వరం, అది పోదు. కానీ ప్రకటన 20లో చెప్పిన వెయ్యేళ్ళ రాజ్యం బహుమానం, దాన్ని గెలుచుకోవాలి. నమ్మకంగా లేని విశ్వాసి ఆ వెయ్యేళ్ళూ రాజ్యానికి బయట ఉండిపోతాడు. వెలుపటి చీకటి అంటే నరకం కాదు, ఆ బయట ఉండిపోవడమే. వెయ్యేళ్ళు గడిచాక లోపలికి వస్తాడు.

ఒప్పుకోవాలి, వినడానికి ముచ్చటైన వాదన. తలాంతు పాతిపెట్టినవాడు ఇంటివాడుగానే ఉంటాడు, శిక్షా నిజమవుతుంది, యోహాను 10 కూడా చెడదు. ఏశావు జ్యేష్ఠత్వం అమ్ముకున్నా ఇస్సాకు కొడుకే కదా అంటారు. ఐగుప్తు నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయుల్లో ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళలో కాలేబు, యెహోషువ తప్ప ఎవరూ కనానులో అడుగుపెట్టలేదు, అయినా వాళ్ళు తిరిగి ఐగుప్తుకీ పోలేదు కదా అంటారు. దీనికి మా తార్నాక కుర్రాడు అడిగిన ప్రశ్న బాగుంది: "మోషే కూడా లోపలికి పోలేదు కదా సార్. మరి రూపాంతర కొండ మీద యేసుతో మహిమలో నిలబడింది ఎవరు?" సార్ నవ్వి "కూర్చో" అన్నారు. జవాబు చెప్పలేదు.

నేను ఒప్పుకోలేనిది ఇంకోటుంది. ఈ బోధకి మొత్తం క్రైస్తవ చరిత్రలో ఎంత మంది తోడున్నారో సార్ గట్టిగా చెప్పలేదు. డోర్ట్‌కి వెనక పెద్ద పెద్ద సంఘాలున్నాయి, వెస్లీకి వెనక ఉన్నాయి, ట్రెంట్‌కి ఉన్నాయి. నార్విచ్ బోధకి చిన్న గుంపులే. చిన్న గుంపు తప్పని కాదు. పక్కపక్కన నాలుగు గడులు గీసి అన్నిటికీ ఒకే వెడల్పు పెడితే చూసేవాడికి నాలుగూ సమానమనిపిస్తుంది, అది ప్రింటింగువాణ్ణి నాకు తెలుసు. క్యాథలిక్ టీచరమ్మ చాయ్ దగ్గర నాతో అన్న మాట ఇంకా సూటిగా ఉంది: "మా ఉత్తరించు స్థలం వద్దని బయటికి పోయారు, మళ్ళీ వెయ్యేళ్ళది ఒకటి కట్టుకున్నారు." పూర్తిగా సరి కాదు. వాళ్ళది పునరుత్థానానికి ముందు, వీళ్ళది పునరుత్థానం తర్వాత. అక్కడ బతికున్నవాళ్ళ ప్రార్థన తోడుంటుంది, ఇక్కడ ఎవరి తోడూ లేదు. వాళ్ళు ఎన్నాళ్ళో చెప్పరు, వీళ్ళు లెక్కకట్టి చెప్తారు. తేడాలన్నీ చూశాక, నాకైతే ఆ టీచరమ్మవాళ్ళదే కాస్త దయగా అనిపించింది. సీఎస్ఐవాణ్ణి, ఈ మాట ఇంట్లో అనలేను.

ఇప్పుడు కోసిన స్టారు. చివరి వారాల్లో లాలాగూడ నుంచి వచ్చే పెద్దావిడ ఒకామె చెయ్యెత్తింది. కొడుకు యూత్ క్యాంపులో బాప్తిస్మం తీసుకున్నాడు, ఉద్యోగం వచ్చాక మానేశాడు, బండి మీద పోతూ యాక్సిడెంట్‌లో పోయాడు. "సార్, మా పిల్లగాడు ఏడున్నడు?" అంది. అంతే.

సార్ మార్కర్ కింద పెట్టి, "నాకు తెల్వదమ్మా. తెలుసు అన్నోళ్ళని నమ్మకు" అన్నారు. మొత్తం కోర్సులో అంత మంచి వాక్యం ఆయన ఇంకోటి చెప్పలేదు. అక్కడ ఆగితే నేను అయిదు స్టార్లు ఇచ్చి, పైన ఒకటి చేత్తో గీసేవాణ్ణి. ఆగలేదు. వరసలో తర్వాతి స్లయిడు వచ్చింది. గీతలు, బాణాలు, "నమ్మకంగా లేని విశ్వాసి" అని ఒక ఎర్ర గడి, దానికింద "1000 సం." అని. ఆవిడ దాన్నే చూస్తూ "వెయ్యేండ్లా సార్?" అంది. ఆయన గోవెట్‌ని వివరించడం మొదలుపెట్టారు.

ఇది సరుకు లోపం కాదు, వడ్డన లోపం. ఆయనే మాకు చదివించిన వాక్యాలు తిరగేయండి. హెబ్రీ 10లో మాట "మనము" అని మొదలవుతుంది. తలాంతుల కథ విన్నది ఒలీవ కొండ మీద కూర్చున్న శిష్యులు. లవొదికయ వాళ్ళకి ఉమ్మేస్తానని చెప్పిన నోరే, తలుపు దగ్గర నిలబడి తడుతున్నానని కూడా అంది, తెరిచే అవకాశం ఉన్నవాళ్ళతో. సిప్రియన్ కూర్చుని ఆలోచించింది గుమ్మం ముందు నిలబడి ఏడుస్తున్న బతికున్నవాళ్ళ గురించి. హెచ్చరిక వినగలిగినవాడికి. పోయిన కుర్రాడి అడ్రసు కనుక్కోవడానికి ఈ వాక్యాల్ని వాడితే అవి ఆ పని చేయవు. రెండు నెలలు ఇంత జాగ్రత్తగా పాఠం చెప్పిన మనిషి, ఈ ముక్క ఆ తల్లికి చెప్పి ప్రొజెక్టర్ ఆపేసి ఉంటే పోయేది. క్లాసయ్యాక మెట్ల మీద ఆవిడ చెయ్యి పట్టుకుని దింపింది లూథరన్ ఆయన. ఏం మాట్లాడాడో నాకు వినపడలేదు.

నోట్సు పుస్తకం గురించి నేను మాట్లాడకపోతే నా వృత్తికే అవమానం. స్పైరల్ బైండింగ్, కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు ముందుకి కనపడతాయి. అను ఫాంట్‌లో కొట్టినదాన్ని యూనికోడ్‌లోకి మార్చి సరిచూడకుండా వదిలేశారు, సగం ఒత్తులు ఎగిరిపోయాయి. "విశ్వాసి" కొన్నిచోట్ల "విశాసి" అయ్యాడు, అంటే నోట్సులోనే చల్లారిపోయాడు. హెబ్రీ 10:26 ఉండాల్సిన చోట 10:36 పడింది. ఒకటి భయపెట్టే వాక్యం, ఇంకోటి ఓర్చుకోమనే వాక్యం, ఆ ఒక్క అంకెతో పాఠమే తిరగబడుతుంది. ప్రూఫు నేను ఊరికే చూసిపెడతానన్నాను. "ప్రార్థన చేసి చెప్తాం బ్రదర్" అన్నారు. ఇంకా చెప్పలేదు.

కోర్సు వల్ల నా పనిలో ఒక మార్పు వచ్చింది. వాక్యం ఏది పెట్టాలో మీరే చూడండని ఎవరైనా నాకు వదిలేస్తే, "మంచి పోరాటము" పక్కనపెట్టి "యెహోవా నా కాపరి" కొడుతున్నాను. అందులో పోయినవాడి నడవడి గురించి ఏ మాటా లేదు, కాపరి గురించే ఉంది. అడిగి పెట్టించుకునేవాళ్ళకి మాత్రం అడిగిందే.

ఎవరు వెళ్ళాలంటే, వాక్యం తెలిసి, రెండు వైపులా విని, జవాబు దొరక్కపోయినా నిద్రపట్టేవాళ్ళు. సంఘంలో యవ్వనస్థులకి పాఠం చెప్పేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, ఆ చరిత్ర క్లాసు ఒక్కటి చాలు. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయినవాళ్ళు ఇప్పుడే వద్దు, ఒక ఏడాది ఆగండి. "రక్షణ పోదు" అని గానీ "పోతుంది" అని గానీ ముందే తేల్చుకుని, మెడలు వంచడానికి వచ్చేవాళ్ళు కూడా వద్దు. అలాంటివాళ్ళు మా బ్యాచ్‌లో ఇద్దరుండేవారు, చాయ్ టైమంతా తినేశారు.

కొత్త బ్యాచ్ సమాధుల పండగ అయ్యాక మొదలుపెడతారట. ఫీజు పెంచే ఆలోచన ఉందని విన్నాను. పెంచితే ముందు ఆ కుర్చీలు మార్చమనండి. కూర్చోడానికి ఒక చిన్న దిండు, పాత బైబిల్ సొసైటీ బైబిలు తీసుకెళ్ళండి, నోట్సులో అంకెలు సరిచూసుకోడానికి పనికొస్తుంది. క్యాథలిక్ స్నేహితులెవరైనా ఉంటే వెంటపెట్టుకుని పోండి. సార్ చేత బోర్డు తుడిపించేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా ఉండాలి.